బ్రేకు త్రొక్కే కాలు

కాలు జారితే తీసుకోవచ్చునుగాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దల సామెత. నోటి సంగతి నిజమే. కాలి సంగతి మాత్రం ఆ సామెత కట్టినవారు కొంచెం తేలికగా చూసినట్లు తోస్తున్నది. జారిన కాలును తీసుకోవడానికి ఒక్కొక్కప్పుడు ఒక లోహపు రేకు, కొన్ని మరలు, మూడు నాలుగు నెలల కాలం, ఇంటిల్లిపాది ఓపిక కావలసివస్తున్నది.

గత శ్రావణమాసంలో వానకు తడిసిన మెట్లమీద నేను జారి పడినాను. కుడి చీలమండకు రెండు ప్రక్కలా వుండే గుబ్బ ఎముకలు రెండూ విరిగినవి. నాగపూరులో శస్త్రచికిత్స చేసి, ఎముకలను సరిగా కూర్చి, రేకు వేసి, మరలు బిగించి, అయిదవనాడు ఇంటికి పంపినారు. వెళ్లేటప్పుడు డాక్టరుగారు చేయవలసినవీ చేయకూడనివీ ఒక కాగితంమీద వ్రాసి యిచ్చినారు. మాత్రలు వేళకు వేసుకోవలె, కాలు ఎత్తుమీద పెట్టుకోవలె, ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించకూడదు. అన్నిటికీ తల వూపినాను. చిట్టచివర ఒక వరుస వున్నది: నేను చెప్పేవరకు కారు నడపకూడదు. ఆ ఒక్క వరుసకు మాత్రం, "ఎన్నాళ్లు?" అని అడిగినాను. ఆయన నవ్వి, ఎముక ఒక తేదీ చెప్తుంది, పాదం ఇంకొక తేదీ చెప్తుంది, రెండింటిలో తరువాతది మీది అన్నారు.

ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. చంద్రపూరులో, బల్లార్పూరులో, రాజురాలో, ఘుగ్గుసులో వున్న మన తెలుగువారి ఇండ్లలో మోకాలు మార్పించుకున్న పెద్దమ్మో, తుంటి విరిగిన తాతగారో, స్కూటరు మీదనుంచి పడిన పిల్లవాడో లేని ఇల్లు అరుదు. చికిత్స గూర్చి అడిగితే చెప్పేవారు పదిమంది వున్నారు. మరల స్టీరింగు ముందు ఎప్పుడు కూర్చోవచ్చునని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్తారు. "మా బావ ఇరవైయవ రోజునే నడిపినాడు" అనే బావగారు ప్రతి కుటుంబంలోను ఒకరు వుంటారు. అందువల్ల నేను విని, చదివి, అనుభవించి తెలుసుకున్నదానిని మన పాఠకుల ముందు పెట్టుచున్నాను.

బండి సంగతి

ముందు మా బండిని గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. అది మారుతి 800. ఈ తరహా కారులలో మొట్టమొదటిదాని తాళాలను 1983 డిసెంబరు 14న ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారు చేతికి ఇచ్చినారు. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను. గుమాస్తాలు, బడిపంతుళ్లు, గని కార్మికులు మాకు కూడా కారు వుండవచ్చుననుకున్నది ఆ బండి వచ్చిన తరువాతనే. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినది.

మా బాపు బొగ్గుగనిలో పనిచేసి పదవీ విరమణ చేసిన యేడు, అనగా 2006లో, వచ్చిన సొమ్ములోనుంచి కొంత తీసి దీనిని కొన్నాడు. ఎం.హెచ్. 34 అని చంద్రపూరు నంబరు పడిననాడు, ముందు మహాకాళీ అమ్మవారి గుడి దగ్గరికి తీసుకపోయి కొబ్బరికాయ కొట్టించి, తరువాత జట్‌పురా దర్వాజా లోనుంచి ఇంటికి తెచ్చినాడు. గోండు రాజుల కోట గుమ్మంలోనుంచి తన స్వంత కారులో రావలెనని ఆయన కోరిక. ఏనుగులు నడిచిన దారి అది. మా చిన్న బండికి ఎంతో విశాలంగా వుండెను. ఇప్పుడు అక్కడ సాయంకాలం దూరవలెనంటే ఏనుగుకైనా ఓపిక కావలె.

అది మొదలు మా ఇంటి శుభాశుభాలన్నీ ఆ బండిలోనే జరిగినవి. చైత్రంలో మహాకాళీ జాతరకు కరీంనగరం వైపునుంచి వచ్చే బంధువులను బల్లార్షా స్టేషనులో అపరాత్రి దింపుకొన్నది అదే. చెల్లెలి పెండ్లి పత్రికలు మంచిర్యాల నుంచి సిరొంచ దాకా పంచినది అదే. అవ్వ కంటి ఆపరేషనుకు నాగపూరుకు నూట యాభై కిలోమీటర్లు తీసుకపోయి తీసుకవచ్చినది అదే. బాపు పోయి ఎనిమిదేండ్లయినది. నడిపేవాని సీటును ఆయన తన ఎత్తుకు జరిపి పెట్టుకున్న చోటనే నేనూ కూర్చుంటున్నాను. నా కాళ్లు ఆయన కాళ్లకంటె పొడుగు. మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. అయినా ఆ సీటు క్రింది మీటను నేనెన్నడూ పట్టుకోలేదు.

ఇటువంటి బండి వాకిట్లో నిలబడి వుండగా, నేను కిటికీ దగ్గర మంచంమీద కాలు దిండుపైన పెట్టుకొని దానిని చూస్తూ వుండవలసి వచ్చినది. మన వూరి బొగ్గు దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. నాలుగు రోజులలో తెల్లని బండి బూడిదరంగు తిరిగినది. నా బాధ అవ్వ కనిపెట్టి, "గా బండి యాడికీ పోదు బిడ్డా. ముందుగాల నీ కాలు మంచిగ చేసుకో" అన్నది. ఆత్రగానికి బుద్ధి మట్టు అని కూడా అనగలదుగాని, దయతలచి అనలేదు.

ఎముక పంచాంగం

విరిగిన ఎముక తన పని తాను చేసుకొనిపోతుంది. మొదట విరిగినచోట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాలలో అక్కడ మెత్తని కండెవంటిది పుట్టి రెండు కొసలనూ పట్టుకొంటుంది. ఆరవ వారం మొదలు పన్నెండవ వారం లోపుగా అది సున్నం పట్టి గట్టిపడుతుంది. ఆపైన కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు కొన్నేండ్లు, ఎముక తనను తాను చెక్కుకొంటూ పూర్వపు రూపానికి వస్తుంది. డాక్టరు వేసిన రేకు ఎముకను అతికించదు. అతికేదాకా కదలకుండా పట్టి వుంచుతుంది. రేకు వేసినారు గదా, ఇంకా ఆలస్యమెందుకని అడిగేవారు ఈ సంగతి గ్రహించవలె.

మన ప్రాచీనులు ఈ పంచాంగాన్ని బాగుగానే ఎరుగుదురు. సుశ్రుతసంహితలో కీలు తప్పుటను ఆరు విధాలుగాను, ఎముక విరుగుటను పన్నెండు విధాలుగాను విభజించినారు. చిన్న వయసువారికి నెలలో అతుకునది, నడివయసువారికి రెండు నెలలు, ముసలివారికి మూడు నెలలు పడుతుందని అందులో చెప్పినారు. ఎక్స్‌రే లేని కాలంలో వేసిన ఈ లెక్క నేటి డాక్టర్ల లెక్కకు ఎంతో దూరంగా లేదు. ఇంకొక ముచ్చట కూడా వున్నది. చేయి విరిగి కుదిరినవానికి మొదట మట్టిముద్ద పట్టించి, బలం వచ్చిన తరువాత రాయి పట్టించవలెనట. బరువు మెల్లమెల్లగా పెంచవలెననే నేటి వ్యాయామ వైద్యుల సూత్రం ఇదే కదా!

నేను పడిన వార్త విని చుట్టాలలో కొందరు పుత్తూరు కట్టు కట్టించవలసినదని సలహా యిచ్చినారు. చిత్తూరు సీమలో పుత్తూరు దగ్గరి రాచపాలెంలో రాజుల కుటుంబంవారు తరతరాలుగా కడుతున్న కట్టు అది. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగ్రుడ్డు సొన, గుడ్డ - వీటితోనే ఎందరికో మేలు జరిగినదని చెప్పుకొంటారు. ఎముక చోటు తప్పకుండా బీట వేసినప్పుడు కదలకుండా కట్టివుంచితే అతుకుతుంది. ఇది ఎవరూ కాదనరు. కాని కీలులోని ఎముకలు చోటు తప్పినప్పుడు, అవి సరిగా కూడకపోతే ఆ కీలు జీవితాంతం నొప్పి పెట్టవచ్చును, త్వరగా అరిగిపోవచ్చును. అటువంటప్పుడు ఎక్స్‌రే చూచి శస్త్రవైద్యుడు చెప్పిన మాటే వినవలె.

రేకులు, మరలు బిగించే పద్ధతికి స్విట్జర్లాండు శస్త్రవైద్యులు కొందరు 1958లో ఒక సంఘంగా కలిసి గట్టి పునాది వేసినారు. ఎముకను గట్టిగా బిగించు, కీలును త్వరగా కదిలించు - ఇది వారి మాటల సారం. అంతకుపూర్వం నెలల తరబడి కట్టులో వుంచడంవల్ల ఎముక అతికినా కీలు బిగుసుకపోయేది. మన హైదరాబాదులో 1960ల నాటి నిజాం ఎముకల ఆస్పత్రియే పెరిగి పెద్దదై నేటి నిమ్స్ అయినది. మన చంద్రపూరువారిలో ఈ పని మీద కొందరు నాగపూరుకు పోతే, కొందరు బల్లార్షాలో రైలెక్కి మూడువందల యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాదుకు పోవడం ఏండ్లనుంచి వున్నదే.

కీలును కదిలించడానికి నాకు చెప్పిన వ్యాయామం తమాషా అయినది. కాలి బొటనవ్రేలు కలముగా పట్టుకొని గాలిలో అక్షరాలు వ్రాయవలెను. ఇంగ్లీషు అక్షరాలు 26 వ్రాయండి అన్నారు. ఇంగ్లీషు ఎందుకు, మన వర్ణమాల వున్నది కదా అని అ ఆ ఇ ఈ మొదలుపెట్టినాను. మనవి 56. అందులోను మన అక్షరాలన్నీ గుండ్రనివి, చీలమండను అన్ని వైపులా తిప్పుతవి. మరాఠీ బడిలో చదువుకొంటున్న మా చిన్నమ్మాయి మంచం ప్రక్కన కూర్చొని, "బాపూ, ఇప్పుడు రాసింది ఏ అక్షరం?" అని అడిగి, గాలిలోనిది చూచి పలకమీద దింపేది. రెండు నెలలు గడిచేసరికి నా కాలికి కదలిక వచ్చినది, పిల్లకు తెలుగు చదువు వచ్చినది. సంఘం తరపున ఆదివారపు తెలుగు తరగతి నడిపే మిత్రులు ఈ పద్ధతిని అవలంబించకుందురుగాక.

బ్రేకు లెక్క

ఇక అసలు విషయానికి వస్తాను. కుడికాలు మీదనే యాక్సిలరేటరు, బ్రేకు రెండూ ఆధారపడి వున్నవి. ఎడమకాలు క్లచ్చి త్రొక్కుతుంది. ముందు ఒక పిల్లవాడు బంతి వెంట రోడ్డుమీదికి పరుగెత్తి వచ్చినాడనుకొందాము. కన్ను చూస్తుంది, మనసు గ్రహిస్తుంది, కాలు యాక్సిలరేటరు వదలి బ్రేకు మీదికి పోతుంది, బలంగా నొక్కుతుంది. ఈ చివరి రెండు పనులకు చీలమండయే బందు. ఆ బందు తుప్పు పట్టినట్లుంటే ఒక అర సెకను ఆలస్యమవుతుంది.

అర సెకను ఏమంత అని అనిపించవచ్చును. లెక్క వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అర సెకనులో అయిదున్నర మీటర్లు. మా బండి పొడవు మూడున్నర మీటర్లు లేదు. అనగా బ్రేకు పడకముందే ఒక బండిన్నర పొడవు ముందుకు పోయినట్లు. నాగపూరు దారిలో 60 కిలోమీటర్ల వేగంలోనైతే ఎనిమిది మీటర్లకు పైగా. ఆ ఎనిమిది మీటర్లలో ఏమి వుంటుందో మన చేతిలో లేదు. నొప్పి వుంటే ఇంకొక చిక్కు: మెదడు నొక్కమంటుంది, నొప్పి వద్దంటుంది, కాలు సగం నొక్కి ఆగుతుంది.

న్యూయార్కులోని ఎముకల వైద్యులు ఈ విషయాన్ని పరీక్షించి 2003లో ప్రకటించినారు. కుడి చీలమండ విరిగి శస్త్రచికిత్స అయినవారిని కారువంటి యంత్రంలో కూర్చోబెట్టి, ఎంతసేపటిలో బ్రేకు త్రొక్కుతారో కొలిచి, ఆరోగ్యవంతులతో పోల్చినారు. ఆరవ వారంలో వీరు వెనుకబడి వున్నారు. తొమ్మిదవ వారానికి ఆరోగ్యవంతులతో సమానమైనారు. అదే వైద్యులు 2008లో పెద్ద ఎముకలు, కీళ్లు విరిగినవారిని పరీక్షించి, కాలుమీద బరువు వేయడం మొదలుపెట్టిన ఆరు వారాలకు గాని బ్రేకు వేగం మామూలుకు రాలేదని తేల్చినారు. నేను బరువు వేయడం మొదలుపెట్టినది ఏడవ వారంలో. కనుక నా డాక్టరుగారు పదమూడవ వారం దాకా ఆగమన్నారు. మా బావ ఇరవైయవ రోజు లెక్క ఈ లెక్కకు ఎక్కడా సరిపోదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 186వ సెక్షను వున్నది. తన శరీరం గాని మనస్సు గాని బండి నడపడానికి తగినస్థితిలో లేదని తెలిసివుండి, ఇతరులకు అపాయం కలిగేలా నడిపితే నేరము. 2019 సవరణ తరువాత మొదటిసారి వెయ్యి రూపాయలదాకా, మరొకసారి చేస్తే రెండువేలదాకా జుర్మానా. జుర్మానా చిన్నదే. ప్రమాదం జరిగితే వచ్చే దుఃఖానికి ఏ చట్టమూ లెక్క కట్టలేదు.

పెద్దలకూ తప్పలేదు

ఈ ఓపిక చిన్నవారికేగాని పెద్దవారికి అక్కరలేదని ఎవరూ అనుకోనక్కరలేదు. ప్రధానిగా వుండగా అటల్ బిహారీ వాజ్‌పేయిగారికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూనులో కుడి మోకాలు ముంబయిలో మార్చినారు. చేసినవారు అమెరికాలో స్థిరపడిన భారతీయ వైద్యులు చిత్తరంజన్ రణావత్. రెండు మోకాళ్లకు మధ్య ఎనిమిది నెలలు. ప్రధానమంత్రికి కారు నడపవలసిన పని లేదుగాని, నడవవలసిన పని మనకంటె ఎక్కువ.

మన తెలుగువారిలో ఇంకా దగ్గరి ఉదాహరణ వున్నది. తెలంగాణ మొదటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి ఎర్రవల్లిలోని తమ ఇంట్లో జారి పడినారు. ఎడమ తుంటి విరిగినది. మరునాడే హైదరాబాదులో తుంటి కీలు మార్చినారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే వైద్యుడు లోహపు గుండు, గట్టి ప్లాస్టిక్కు గిన్నె జతచేసి స్థిరపరచిన పద్ధతికి వారసత్వమే ఈ శస్త్రచికిత్స. 2024 ఫిబ్రవరి 1న శాసనసభ్యునిగా ప్రమాణం చేయడానికి వచ్చినప్పుడు ఆయన చేతికర్ర పట్టుకొనే వచ్చినారు. ఆపైన 2024 జూలైలో, ఎర్రవల్లిలో ఒక పాత ఓమ్నీ వ్యాను తామే నడుపుతూ కనిపించినారు. గేర్లు మార్చే కారు నడపమని వైద్యులు చెప్పినందువల్లనే అలా చేసినారని పత్రికలు వ్రాసినవి.

ఈ వార్త చదివినప్పుడు నాకు కలిగిన సంతోషానికి రాజకీయాలతో పని లేదు. ఎందరు డ్రైవర్లనైనా పెట్టుకోగలిగిన మనిషికి కూడా ఏడు నెలల తరువాత ఒక పాత వ్యాను స్టీరింగు పట్టుకోవడం బాగుపడినదానికి గుర్తుగా నిలిచినది. విరిగినది ఎడమ తుంటి. క్లచ్చి త్రొక్కేది ఎడమకాలు. ఒక్కొక్కసారి త్రొక్కి వదలడం ఆ కాలికి ఒక వ్యాయామమే. అంటే బండి నడపడం సమయం రాకముందు అపాయము, సమయం వచ్చిన తరువాత ఔషధము. మధ్యలో వున్నది ఓపికయే.

ఇంట్లో మారినది

ఓపిక అనే మాట వ్రాయడం సులభం. ఆరవ వారంలో ఒక రాత్రి రెండు గంటలకు అవ్వకు ఊపిరి ఆడక ఆయాసం వచ్చినది. బండి వాకిట్లోనే వున్నది. తాళం చెవి మేకుకు వ్రేలాడుతున్నది. నేను చంకకర్రలమీద లేచి నిలబడినాను. నా భార్య నా ముఖం చూచి, మాటాడకుండా తాళంచెవి తీసి కొంగున ముడివేసుకొని, 108కి ఫోను చేసింది. మహారాష్ట్రలో 2014 నుంచి ఈ అంబులెన్సు వున్నదని తెలిసినా, ఆ పదినిమిషాలు నాకు పది గంటలైనవి. అవ్వ రెండు రోజులు ఆస్పత్రిలో వుండి క్షేమంగా తిరిగి వచ్చినది. కాలు ఆనించలేని మనిషి ఆ రాత్రి బండి తీసివుంటే ఒక ప్రాణాన్ని కాపాడబోయి నాలుగు ప్రాణాలను రోడ్డుమీద పెట్టినట్లయ్యేది.

ఆ మరునాడు నా భార్య పెట్టె అడుగునుంచి తన లైసెన్సు తీసింది. పెండ్లి అయిన క్రొత్తలో బాపు పట్టుబట్టి తీయించినది. ఆ తరువాత ఆమె నడపవలసిన అవసరమే రాలేదు. నేను వున్నానుకదా అనుకొన్నాము. డ్రైవింగు నేర్పే మాస్టరు దగ్గర పదిహేను రోజులు మరల అభ్యాసం చేసింది. మా వీధి మెకానిక్కు నాందేడువాడు, మా కుటుంబానికి ఇరవైయేండ్ల మిత్రుడు. బ్రేకులు, క్లచ్చి సరిచూచి, "వహినీ, గాడీ తయ్యార్ ఆహే" అని నవ్వినాడు. వదినగారూ, బండి సిద్ధము అని.

కాని ఆమె కూర్చొని కాలు చాపితే పెడల్ అందలేదు. సీటు ముందుకు జరపవలె. ఆమె నా వైపు చూచింది. బాపు పెట్టుకున్న చోటు అది అని ఆమెకు తెలుసు. నేను వాకిట్లో కుర్చీమీద కూర్చొని వున్నాను. నేను ఏమీ అనకముందే లోపలినుంచి అవ్వ, "జరుపు బిడ్డా. మీ మామ వుంటే తానే జరుపుతుండె" అన్నది. మీట ఎత్తితే కరకరమని శబ్దం చేసి సీటు కదిలినది. పందొమ్మిదేండ్ల తరువాత.

నాడు నన్ను ఎడమ సీటులో కూర్చోబెట్టి, జట్‌పురా దర్వాజా లోనుంచి రామాళా చెరువు దాకా తీసుకపోయి తెచ్చినది. నా కుడికాలు లేని బ్రేకును మూడుసార్లు త్రొక్కినది. ఎడమ సీటులో కూర్చుంటే వూరు వేరుగా కనిపిస్తుందని ఆనాడు తెలిసినది. కోటగోడమీద మొలచిన రావిచెట్టు, దర్వాజాపైన చెక్కిన సింహం కింద ఏనుగు - అన్నేండ్లు ఆ దారినే నడిపినా నేను వీటిని తీరికగా చూడలేదు.

పాఠకులకు కొన్ని సూచనలు

శస్త్రచికిత్సకు పోయేవారు ముందుగానే తమ డాక్టరును నాలుగు సంగతులు అడిగి వ్రాసుకోవలె: ఏ కాలు, నా బండి గేర్లదా ఆటోమేటిక్కా, బరువు ఎప్పుడు వేయవచ్చును, నేను వేసుకొనే మాత్రలు మత్తు కలిగించేవా? ఎడమకాలికి శస్త్రచికిత్స అయినవారు ఆటోమేటిక్కు కారు వుంటే కొంత ముందుగా నడపగలరు. గేర్ల బండి అయితే క్లచ్చి త్రొక్కే బలం రావలె. గట్టి నొప్పిమాత్రలు కొన్ని నిద్రమత్తు కలిగిస్తవి. అవి వాడినన్నాళ్లు కాలు ఎంత బాగున్నా స్టీరింగు ముట్టరాదు.

ప్రక్క సీటులో కూర్చునేవారు ముందు సీటును పూర్తిగా వెనుకకు జరిపించుకోవలె. వీపు సీటువైపు పెట్టి ముందు కూర్చొని, తరువాత రెండు కాళ్లనూ కలిపి లోపలికి తిప్పుకోవలె. సీటుమీద ఒక ప్లాస్టిక్కు సంచి పరిస్తే తిరగడం సులువు. తుంటి మార్పించుకొన్నవారికి మా బండివంటి క్రిందుగా వుండే సీటు మంచిది కాదు. మోకాలు తుంటికంటె పైకి రాకుండా గట్టి దిండు వేసుకోవలె. దూరప్రయాణమైతే గంటకొకసారి దిగి నాలుగు అడుగులు వేయవలె. కూర్చున్నప్పుడు కూడా పాదాలు పైకీ క్రిందికీ ఆడిస్తూ వుంటే పిక్కలలో రక్తం గడ్డకట్టే భయం తగ్గుతుంది.

డాక్టరు సరే అన్న తరువాత కూడా మొదటి పరీక్ష నిలిచివున్న బండిలోనే చేయవలె. ఇంజను ఆపివుంచి, యాక్సిలరేటరుమీద పాదం పెట్టి, ప్రక్కవారు చప్పట్లు కొట్టగానే బ్రేకు మీదికి మార్చి బలంకొద్దీ నొక్కవలె. ఇరవైసార్లు నొక్కినా నొప్పి రాకూడదు, కాలు తడబడకూడదు. ఆ తరువాత ఎవరూ తిరగని మైదానంలో, ఆ తరువాత పొద్దున్నే ఖాళీ వీధిలో, అన్నిటికీ చివర జట్‌పురా దర్వాజాలో.

బండికి కూడా విశ్రాంతిలో ఉపచారం కావలె. నెలల తరబడి కదలకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది. వారానికి ఒకసారి ఎవరిచేతనైనా కొంతదూరం నడిపించవలె. వీలుకాకపోతే బ్యాటరీ తీగ విప్పి వుంచవలె. టైర్లలో గాలి నిండుగా వుంచి, అప్పుడప్పుడు బండిని ముందు వెనుకలకు జరపవలె. లేకపోతే ఒకేచోట నొక్కుపడుతుంది. వానకాలంలో హ్యాండుబ్రేకు లాగి వదలివేస్తే పట్టుకపోతుంది కాబట్టి చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టవలె. ఎలుకలకు తీగలంటే ప్రీతి. పదిహేనేండ్లు దాటిన బండ్లకు అయిదేండ్లకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనే తేదీని క్యాలెండరుమీద వ్రాసి పెట్టుకోవలె. మంచంమీద వున్నవారికి తేదీలు గుర్తుండవు.

పదమూడవ వారంలో నాకు అనుమతి వచ్చినది. ఇప్పుడు నేను నడుపుతున్నాను, నా భార్యా నడుపుతున్నది. సీటు రోజూ ముందుకూ వెనుకకూ జరుగుతున్నది. నా మోకాళ్లు స్టీరింగుకు తగలడం మానినవి. అవ్వకు రాత్రి భయం తగ్గినది. ఇంట్లో బండి నడపగలవారు ఒక్కరే వున్న కుటుంబాలలోని సోదరీమణులు పెట్టె అడుగున వున్న లైసెన్సు తీసి అభ్యాసం చేయవలెనని నా మనవి. కాలు విరిగేదాకా ఆగనక్కరలేదు.

కారు మనది, పెట్రోలు మనది, కాలూ మనదే. కాని ఆ కాలు సమయానికి బ్రేకుమీద పడుతుందన్న నమ్మకం రోడ్డు దాటే ఎదుటివానిది. అతడు మన పేరు ఎరుగడు, మన ఆపరేషను సంగతి ఎరుగడు. మన బండి ఆగుతుందనుకొని అడుగు వేస్తాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టగలిగిననాడే మరల తాళంచెవి చేతిలోకి తీసుకొందాము.